నడిచినంకనే పేరు

ఆ మంగళవారం పొద్దున మా ఆవిడ కల్పలత బాల్కనీలో మూడో కడ్డీ దించి, ఆరిన నా చొక్కాలు రెండు తీసి, కడ్డీని మళ్లీ పైకి ఎత్తింది.

మల్కాజ్‌గిరిలో మా ఇంటి బాల్కనీ పైకప్పుకి బట్టలారేసుకునే కడ్డీలు నాలుగున్నాయి. గోడకి వరసగా నాలుగు చిన్న ఇనప పెట్టెలు బిగించి ఉంటాయి, ఒక్కో పెట్టెకి ఒక్కో చేతిపిడి. పిడి తిప్పితే తాడు వదులై దాని కడ్డీ ఒక్కటే కిందికి దిగుతుంది. ఎక్కడ చెయ్యి తీసేస్తే అక్కడ ఆగిపోతుంది. తాడు ముడెయ్యక్కర్లేదు, మేకుకి చుట్టక్కర్లేదు. తడి దుప్పటి వేసినా ఒక్క అంగుళం జారదు. ఆ ఏర్పాటంతా ఆవిడే చేసుకుంది. పన్నెండేళ్లుగా నేను ఆ పిడులు తిప్పుతూనే ఉన్నాను.

ఆ రోజు మూడోది కిర్రుమంది.

"ఇగో, వింటున్నరా? మూడోది మొరుగుతున్నది. సాయంత్రం జెర నూనె వెయ్యాలె, యాది చెయ్యుండ్రి."

నేను పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగిని. ఇంటికి తెచ్చుకున్న కాగితాల మీంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాను. ఆవిడ టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కాలేజీకి వెళ్లిపోయింది. రెండు గంటలకి ఫోను వచ్చింది. మొదటి సంవత్సరం పిల్లలకి ఆకురాయి పట్టుకోవడం చూపిస్తూ చూపిస్తూ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయిందట. నేను ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. యాభై మూడేళ్లు. గుర్తు చెయ్యమన్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

కల్పలత ఇంజనీరు కాదు. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో టర్నరు. అంటే లేతు మిషను మీద ఇనుముని తిప్పి చెక్కే పని ఆవిడది. వాళ్ల నాన్న బ్రహ్మచారి గారికి రాణిగంజ్ సందులో ఒక గది, అందులో ఒక లేతు ఉండేవి. జంటనగరాల్లో పిండిమర ఆగినా, చెరుకురసం బండి పన్ను విరిగినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. మా పెళ్లి మాట ఎత్తినప్పుడు బొబ్బిలి నుంచి వచ్చిన మా అమ్మ గవరమ్మ ఆ పేరు విని మూతి తిప్పింది. "బ్రహ్మచారి గారికి కూతురేటి నాయినా?" అంది. ఆ మాట మామగారి చెవిన పడింది. ఆయన నవ్వి, "నాకు సుత గదే అర్థం కాలే వదినమ్మా," అన్నారు. దాంతో మా అమ్మ చల్లబడింది.

కల్పలత ఐ.టి.ఐ.లో చేరేనాటికి టర్నర్ తరగతిలో ఆడపిల్ల ఆవిడ ఒక్కతే. పాసై వచ్చిన రోజు వాళ్ల నాన్న ఒక ఉక్కు ముద్ర తయారుచేసి ఇచ్చారు. వేలంత పొడుగు, కొసన 'ల' అక్షరం. సుత్తితో కొడితే కంచు మీద కూడా స్పష్టంగా దిగుతుంది. ఆయనకి అలాంటిదే 'బ్ర' ముద్ర ఉండేది. వాళ్ల షాపులో ఒక కట్టుబాటు. చేసిన పళ్ల చక్రాన్ని బిగించి, బరువు వేలాడదీసి, గంటసేపు ఆగకుండా తిప్పాలి. అది చప్పుడు చెయ్యకుండా, వేడెక్కకుండా తిరిగితే అప్పుడు దాని మీద ముద్ర, పక్కన ఆనాటి తేదీ. అంతకు ముందు ఎంత అందంగా వచ్చినా కొట్టకూడదు.

"నడిచినంకనే పేరు," అనేవారాయన. "పుట్టంగనే పేరు వెట్టేది మనుషులకు. ఇనుముకు కాదు."

ఆ కాలేజీ వర్క్‌షాపుకి మిషన్లు కొన్నది మామగారి సలహా మీదే. వాటితోపాటు కూతుర్ని కూడా తీసుకోమని ఆయన అడగలేదు. ఆవిడే వెళ్లి, అక్కడున్న లేతు మీద ఒక బోల్టు చెక్కి చూపించి ఉద్యోగం తెచ్చుకుంది. మాకు పిల్లల్లేరు. ఎవరైనా జాలిగా ఆ మాట ఎత్తితే, "ఏడాదికి అరవై మంది. ఇంక ఎంతమందిని గనమంటరు?" అనేది.

రెండువేల నాలుగు వచ్చేసరికి ఆ అరవై మంది పద్దెనిమిది మంది అయ్యారు. సికింద్రాబాదులో ప్రతి మేడ మెట్ల కిందా ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. మెకానికల్ సీట్లు అడిగేవాళ్లు లేరు. కాలేజీ సెక్రటరీ రామభద్రరావు గారు ఒక రోజు వర్క్‌షాపు షెడ్డులోకి వచ్చి, టేపు పట్టించి పొడుగూ వెడల్పూ కొలిపించారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, లెక్క మనిషి.

"లతమ్మా, ఇందులో అరవై కంప్యూటర్లు పడతాయి," అన్నారట.

"పడ్తయి సార్. మిషన్లు ఏడవెడ్తరు?"

"అదే ఆలోచిస్తున్నా."

ఆ డిసెంబరులోనే ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం పిల్లలు సూర్య, పూజిత ఒక కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చారు. ఫిబ్రవరి చివర్లో మద్రాసులో ఒక రోబోల పోటీ ఉంది. పదిహేనడుగుల బల్ల, దాని మధ్యలో ఒక వాలు, అటు ఆరు చెక్క దిమ్మెలు. తీగ కట్టిన రిమోటుతో బండిని నడిపి, నాలుగు నిమిషాల్లో ఆ దిమ్మెల్ని ఇవతలి గుంటల్లోకి చేర్చాలి. సూర్య వాళ్లది విజయనగరం దగ్గర పల్లె, ఉండేది మా వెనక వీధిలోనే. అందుకే నన్ను బాబాయ్ అనేవాడు. ఆవిడ మాత్రం వాడికి చివరిదాకా మేడమే.

"బండి పీతలాగ పక్కకి కూడా నడవాలండి మేడం," అన్నాడు కాగితం పరిచి. నాలుగు చక్రాలు, ఒక్కో చక్రం ఎటు కావాలంటే అటు మళ్లడానికి ఒక్కో గేరు పెట్టె. పెట్టెలో మరచుట్లున్న కడ్డీ ఒకటి, దానికి ఆనుకుని నలభై పళ్ల కంచు చక్రం ఒకటి. బజార్లో దొరికే సరుకు కాదు. పన్ను పన్నూ చెక్కాలి.

"పీత ఎందుకు బిడ్డా, ఎద్దు సాలదా?" అంది ఆవిడ. "రెండు మోటార్లు, రెండు చక్రాలు, ముంగట ఒక గిర్రున తిరిగే చక్రం. రెండూ ముంగటికి తిప్పితే ముంగటికి పోతది. ఒకటి ముంగటికి, ఒకటి ఎనుకకు తిప్పితే ఉన్నకాడనే తిరుగుతది. విరిగేటందుకు ఏముంటదల్ల?"

"అందరూ అదే చేస్తారు మేడం," అంది పూజిత.

"అందరు అన్నమే తింటరు, నువ్వు గడ్డి తింటవా?"

సెక్రటరీ గారికి ఈ సంగతి తెలిసింది. షెడ్డుకి వచ్చి కాగితం చూశారు. ఆయనకి పీత నచ్చింది. "చూడమ్మా, బజార్లో మోటారూ చక్రమూ కొని గెలుచుకొస్తే, దానికి ఈ షెడ్డెందుకని కమిటీవాళ్లు నన్నే అడుగుతారు. ఇక్కడ చెక్కిన గేర్లతో ఇలాంటి బండి పుట్టిందనుకో, నేను వాళ్ల నోరు మూయించగలను. జనవరి నెలాఖరుకి నాకు గేర్లు చూపించు, మద్రాసుకి ఈ బండే వెళ్లాలి. మిషన్లు ఎక్కడికీ పోవు."

అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. ఎద్దు వెళ్తే షెడ్డు పోతుంది. పీత తయారైతే షెడ్డు ఉంటుంది. ఆవిడ పీతకే ఒప్పుకుంది.

ఆ డిసెంబరు, జనవరి నెలల్లో ఆవిడంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. చీరకీ జుట్టుకీ ఇనుము చెక్కేటప్పుడు పోసే కటింగ్ ఆయిల్ వాసన. అన్నం తింటూ తింటూ ఎడంచేత్తో కంచం చుట్టూ గీతలు గీసేది, నలభై భాగాలుగా. ఇరుసులకి తొడిగే పాత కంచు బుష్షుల్ని తుక్కుగా కొని, మోండా మార్కెట్ వెనక కంచు పోతపోసే ఆయన దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి కరిగించి తెచ్చుకుంది. "నాయిన ఉంటే నడుమ చెయ్యి పెట్టెటోడు. మంచిగైంది," అనేది నవ్వుతూ. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. పనెంతవరకూ వచ్చిందంటే మాత్రం చెప్పేది కాదు. ముద్ర పడేదాకా పని సంగతి మాట్లాడకూడదనేది కూడా ఆ ఇంటి అలవాటే.

జనవరి మూడో వారం దాటాక మాటలు తగ్గిపోయాయి. ఒక రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. గేర్లు కుదరడం లేదు కాబోలనుకున్నాను.

ఇరవై ఆరో తారీకు జెండా ఎగరేశాక ఆవిడ పిల్లలిద్దర్నీ షెడ్డులో ఉండమంది. మా ఆఫీసుకి ఆ రోజు సెలవు, డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. అక్కడ ఒక చెక్క పలకకి రెండు మోటార్లు, రెండు చక్రాలు బిగించి ఉన్నాయి. నేల మీద ఖాళీ నూనె డ్రమ్ములు రెండు. సూర్య చేతికి రిమోటు ఇచ్చి, "డ్రమ్ముల నడుమకెంచి తీస్కపో, మళ్ల ఎనుకకు తే," అంది.

వాడు బండిని డ్రమ్ముకేసి కొట్టాడు. వెనక్కి లాగి రెండో డ్రమ్ముకేసి కొట్టాడు. పూజిత పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టింది. "పది... పదకొండు... ఒరేయ్, డ్రమ్ము నీకేం అన్యాయం చేసిందిరా?"

"నువ్వు నడుపు చూద్దాం!"

పూజిత తొమ్మిదిసార్లు కొట్టింది.

కల్పలత నవ్వలేదు. డ్రమ్ము మీద చొట్టలు చేత్తో తడిమి చూసింది. "రెండు చక్రాలకే గిట్లున్నది," అని మాత్రం అంది. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తార్నాక దాటాక, "చెయ్యి కావాలె," అంది. "ఏటి?" అన్నాను. "ఏం లేదు," అంది.

జనవరి ముప్పై ఒకటి సోమవారం. సెక్రటరీ గారు గేర్లు చూడ్డానికి వచ్చారు. అక్కడే ఉన్న పూజిత తర్వాత నాకు చెప్పింది. ఆవిడ చేతులు కొంగుతో తుడుచుకుని ఆయన ఎదురుగా నిలబడి, "నాతోని కాలే సార్," అందట.

"కాకపోవడమేంటమ్మా?"

"నలభై పండ్లు సమానంగ రాలే. ఇరవై మూడో పన్ను కాడ తప్పింది. మళ్ల చెయ్యనీకి టైం లేదు."

ఆయన లేతు వైపు చెయ్యి చూపించారట. "బ్రహ్మచారి గారి మాట మీద కొన్నామమ్మా ఈ మిషన్లు," అన్నారట. ఆవిడ తల వంచుకుంది. పిల్లల ముందు, అటెండరు ముందు. ఆయన వెళ్తూ వెళ్తూ, పోటీకి బజారు బండి పట్టుకెళ్లండి, మీ ఇష్టం, షెడ్డు ఏప్రిల్లో ఖాళీ చేయాలి అన్నారు.

సూర్య ఏడ్చినంత పని చేశాడట. "ముందే చెప్పుండాల్సింది మేడం."

"అవు బిడ్డా. తప్పయింది. ఇగ ఎద్దుని కడ్దాం, పట్టు."

ఎద్దుకి మూడు రోజులు పట్టింది. లారీల అద్దాలు తుడిచే మోటార్లు రెండు రాణిగంజ్‌లో పాతవి కొన్నారు. ముందు చక్రం కంప్యూటర్ ల్యాబులో కాలు విరిగిన కుర్చీది. నాలుగో రోజు నుంచి ఆవిడ వాళ్లని బండి నడపడానికి కూర్చోబెట్టింది. షెడ్డు నేల మీద సుద్దతో బల్ల గీసి, పాత తలుపుతో వాలు పెట్టి, బండి నెత్తిన నిండా నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టేది. నీళ్లు ఒలికితే మళ్లీ మొదటి నుంచి. పిల్లలు రోజుకి రెండు బకెట్ల నీళ్లు ఒలకబోశారు. వారం తర్వాత ఒక్క బకెట్టే. పదిహేనో రోజుకి సూర్య వాలెక్కి, దిమ్మె పట్టుకుని, ఉన్నచోటే గిర్రున తిరిగి, దిగొచ్చాడు. గ్లాసులో నీళ్లు అంచు దాటలేదు. పూజిత ఆ నీళ్లు తీసి గటగటా తాగేసింది. "అందుల గ్రీజు వడ్డది కదనే!" అని ఈవిడ అరిచేలోపే.

మద్రాసుకి పూజితని పంపడానికి వాళ్లమ్మ కాంతమణి గారు ఒప్పుకోలేదు. దంపతులెవరైనా తోడొస్తే చూస్తామన్నారు. అలా నేను కూడా ఆ జట్టులో ఒకణ్నయ్యాను. కూరల సంచిలో విడి మోటారు ఒకటి పెట్టుకుని, రైల్లో అది నా తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

నలభై ఒక్క జట్లు వచ్చాయి. ఎనిమిది చక్రాల బండి ఉంది, లోహపు పట్టీల మీద పాకే బండి ఉంది. మా ఎద్దుని చూసి ఒక కుర్రాడు ఇంగ్లీషులో, కుర్చీ మిగతా భాగం ఏమైందని అడిగాడు. పూజిత వెంటనే, "మీరు ఓడిపోయాక కూర్చోడానికి అట్టేపెట్టాం," అంది. తెలుగులోనే అంది. వాడికి అర్థమయ్యే ఉంటుంది.

సాయంత్రానికి ముప్పై బండ్లు ఇంటిదారి పట్టాయి. ఒకదాని గొలుసు తెగింది, ఒకటి వాలు మీద వెనక్కి జారింది. ఎక్కువ భాగం బాగానే ఉన్నాయి కానీ నడిపేవాళ్లకే చెయ్యి తిరగలేదు. మా ఎద్దు తొందరపడలేదు. వెళ్లింది, తెచ్చింది, వెళ్లింది, తెచ్చింది. ఆరు దిమ్మెలకి మూడు నిమిషాల పది సెకన్లు. నేను వేళ్లు కొరుక్కుంటుంటే కల్పలత బల్ల వైపు చూడనే లేదు. సూర్య బొటనవేళ్లనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆఖరి రౌండు ముందు ఒక చోట గొడవ వినిపించింది. కోయంబత్తూరు పిల్లల బండి. పీత. మా వాళ్లు గీసుకున్న బండి లాంటిదే, నాలుగు చక్రాలూ నాలుగు పెట్టెల మీద తిరుగుతాయి. ఒక చక్రం అడ్డం తిరిగి బిగుసుకుపోయింది. పిల్లలు నలుగురూ దాని మీద పడి ఏడుపు మొహాలతో తిప్పుతున్నారు. కల్పలత లేచి వెళ్లింది. భాష రాదు. వాళ్లని పక్కకి జరిపి, పెట్టె మూత విప్పి, వేలితో ఒక పన్ను చూపించింది. సంచిలోంచి సన్న ఆకురాయి తీసి నాలుగు తోపులు తోసి, చీరకొంగుతో రజను తుడిచి, బిగించి ఇచ్చింది. పది నిమిషాల పని. చక్రం వెన్నలా తిరిగింది.

"ఏటి మేడం మీరు! అది ఫైనల్లో మనకి పోటీ బండండి!" అన్నాడు సూర్య.

"ఉండనీ. ఇరిగిన బండి మీద గెలిస్తే ఏం గెలుపురా?"

ఆ పీతే మమ్మల్ని గెలిచింది. రెండు నిమిషాల నలభై. మాకు రెండో స్థానం. ఎనిమిది నెలలుగా రోజూ నడుపుతున్నామని ఆ పిల్లలు చెప్పారు. "అగో," అంది కల్పలత మా వాళ్లతో. "పీత మంచిదే. పీతకు ఎనిమిది నెలలు కావాలె. మనకాడ ఇరవై దినాలున్నయి. ఇరవై దినాలకు ఎద్దే." ఆ రోజు ఆవిడ మొహంలో ఉన్న వెలుగు నేను రాయలేను. నలభై ఒక్క కాలేజీల మధ్య ఒక టర్నరు చీరకి గ్రీజు మరకతో నిలబడి ఉంది, చుట్టూ పిల్లలు. కోయంబత్తూరు పిల్లలు కూడా వచ్చి ఆవిడ కాళ్లకి దండం పెట్టారు.

కానీ ఆ రాత్రి తిరుగు రైల్లో ఆవిడ వేలితో సీటు మీద గుండ్రంగా గీతలు గీస్తూ కూర్చుంది. ఆ పిల్లల గేరు పెట్టె మూత విప్పి లోపలికి ఎంతసేపు చూసిందో నాకు గుర్తుంది. తను చెయ్యలేకపోయిన పని వేరేవాళ్లు చేశారని బాధపడుతోందనుకున్నాను. దగ్గరికి జరిగి, "పోన్లే లతా," అన్నాను. "ఇరవై యేళ్ల నుంచి దిద్దుతున్నాను, నాకూ అచ్చుతప్పులు పోతుంటాయి. ఒక పన్ను తప్పినంత మాత్రాన మీ నాన్న పేరేం పోదు."

ఆవిడ నా వైపు తిరిగింది. నవ్వింది. "అవునయ్యా," అంది. అంతే.

కాలేజీ గేటు మీద పిల్లల ఫోటోలతో బ్యానరు కట్టారు. ఏప్రిల్లో షెడ్డు ఖాళీ చేశారు. లారీ ఎక్కించే ముందు ఆవిడ లేతు మిషను మొత్తం నూనె గుడ్డతో తుడిచింది, కొన్నవాడు వద్దమ్మా అంటున్నా. అక్కడ అరవై కంప్యూటర్లు వచ్చాయి, చల్లగా, శబ్దం లేకుండా. ఆవిడని వెనక రేకుల షెడ్డులోకి మార్చారు. మొదటి సంవత్సరం పిల్లలకి చెక్కపనీ ఆకురాయి పనీ నేర్పే చోటది. అక్కడ లేతు లేదు. పన్నెండేళ్లు అక్కడే పనిచేసింది. సాఫ్ట్‌వేరుకి వెళ్లబోయే వందలమంది పిల్లలు ఆవిడ చేతి కింద ఒక ఇనప ముక్కని నాలుగు మూలలా సమంగా అరగదీయడం నేర్చుకున్నారు. ఏటా ఏదో ఒక జట్టు బండి పట్టుకుని మా ఇంటికొచ్చేది. తిరుమలగిరి నుంచి, ఘట్‌కేసర్ నుంచి, వేరే కాలేజీల వాళ్లు కూడా. ఆవిడ బండి కాగితం చూసేది కాదు. "పోటీ ఎన్ని దినాలున్నది?" అనడిగేది. మా వంటింట్లో గ్లాసులన్నిటికీ సొట్టలే.

షెడ్డు ఖాళీ అయిన ఏడు మే నెల సెలవుల్లోనే బాల్కనీలో కడ్డీలు బిగించింది. పెట్టెలెక్కడివంటే, "షెడ్డు తుక్కుల దొరికినయి," అంది. నేను మరీ అడగలేదు. గేర్ల ఊసు ఎత్తితే బాధపడుతుందని. ఒకసారి మాత్రం అడిగాను, పాడైన ఆ కంచు చక్రాలేం చేశావని. "తుక్కోనికేసిన," అంది, పిడి తిప్పుతూ.

ఆవిడ పోయిన నెల రోజులకి సూర్య వచ్చాడు. ఇప్పుడు వాడు హైటెక్ సిటీలో ఉద్యోగి, ముందు జుట్టు పలచబడింది. టీ ఇచ్చి, బట్టలు తీద్దామని మూడో కడ్డీ దించాను. కిర్రుమంది.

"నూనె వెయ్యాలి బాబాయ్."

"వెయ్యాలి," అన్నాను. "గుర్తు చెయ్యమంది."

వాడు స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని పెట్టె మూత విప్పాడు. లోపల మరచుట్ల కడ్డీ, దానికి ఆనుకుని కంచు చక్రం, పన్నెండేళ్ల నలుపు పట్టి. సూర్య వేలితో పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు దగ్గర ఆగి, గోరుతో ఆ పన్ను చుట్టూ తడిమి, మళ్లీ సాగాడు. నలభై.

"ఇది మా డ్రాయింగే బాబాయ్," అన్నాడు.

గుడ్డకి కిరసనాయిలు ముంచి చక్రం మొహం తుడిచాడు. నేను కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. 'ల' ముద్ర, దాని పక్కన తేదీ. మిగతా మూడు పెట్టెలూ విప్పాం. నాలుగింటి మీదా అదే ముద్ర, అదే తేదీ: 20 1 05. సెక్రటరీ గారి ముందు తల వంచుకుని "నాతోని కాలే" అన్న రోజుకి సరిగ్గా పదకొండు రోజుల ముందు.